వృద్ధ రోగులకు రుచి కూడా ఔషధమే

"ఆకలి రుచి ఎరుగదు" అని పెద్దల సామెత. ఆరోగ్యవంతుల విషయంలో అది అక్షరసత్యం. ఆసుపత్రి మంచంపై ఉన్న వృద్ధుల విషయంలో మాత్రం తలక్రిందులవుతుంది. వారికి ఆకలి ఉండదు. కనుక రుచి ఒక్కటే వారిచేత ఒక గుటక మ్రింగించగలదు.

కొన్నేళ్ల క్రితం మా అమ్మ జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు వైద్యులు పోషకాల పొడి వ్రాసి ఇచ్చారు. వేడినీటిలో కలిపి పెద్ద గ్లాసు నిండా అందించేవాళ్లం. రెండు గుటకలు త్రాగి ప్రక్కన పెట్టేసేది. మొండితనమనుకొని మందలించాను. "నోరంతా చేదు నాయనా, పైగా ఈ తీపి వెగటు" అని ఐదవ నాడు ఆమే చెప్పింది. అంతవరకు నేను అడగనే లేదు.

వయస్సు పెరిగేకొద్దీ వాసన, రుచి తెలిసే శక్తి తగ్గుతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, మెట్రొనిడజోల్ వంటి కొన్ని మందులు నోటికి లోహపు రుచిని తెస్తాయి. నోరు ఎండిపోవడం, కట్టుడు పళ్లు వదులు కావడం తోడవుతాయి. ఆహారం తగ్గితే కండ కరుగుతుంది, పుండ్లు మానడం ఆలస్యమవుతుంది. నడిచి ఇంటికి రావలసినవారు మంచానికే పరిమితం కావచ్చు.

పోషకాహార లోపం ఉన్న వృద్ధులకు ఇచ్చే ఇటువంటి పానీయాల ద్వారా రోజుకు కనీసం 400 కెలోరీలు, 30 గ్రాముల మాంసకృత్తులు అందాలని ఐరోపా పోషకాహార వైద్యుల సంఘం 2019లో ప్రచురించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. రుచి, చిక్కదనం, ఇచ్చే వేళ రోగి ఇష్టాన్ని బట్టి ఉండాలని కూడా అవే సూచిస్తున్నాయి. ఆ పని కుటుంబసభ్యులు చేయగలరు.

మొదటిది పరిమాణం. నిండు గ్లాసు చూస్తేనే వారికి కడుపు నిండిపోతుంది. రోజుకు ఇవ్వవలసిన మొత్తాన్ని చిన్న చిన్న భాగాలు చేసి, భోజనాల నడుమ చిన్న లోటాతో ఇవ్వాలి. కొన్ని ఆసుపత్రులలో మాత్రలు వేసే వేళ నీటికి బదులు 60 మిల్లీలీటర్ల చొప్పున చిక్కని పోషక పానీయం ఇస్తారు. మనమూ వైద్యుని అడిగి అలా చేయవచ్చు.

రెండవది చల్లదనం. చల్లగా ఉంటే మందు వాసన, అతి తీపి అంతగా తెలియవు. మరిగిస్తే మాంసకృత్తులు విరిగిపోవచ్చు.

మూడవది మార్పు. రోజూ ఒకే రుచి ఎవరికైనా విసుగే. ఒకనాడు ఏలకులు, ఒకనాడు కొద్దిగా కాఫీ డికాక్షన్ కలపవచ్చు. తీపి గిట్టనివారికి రుచి కలపని పొడిని పప్పుచారులోనో, మన ధర్మపురి పొలాలలో పండే రాగుల అంబలిలోనో కలిపి ఇవ్వవచ్చు. 100 గ్రాముల రాగులలో సున్నం 300 మిల్లీగ్రాములకు పైగా ఉన్నా, మాంసకృత్తులు సుమారు 7 గ్రాములే. కనుక అంబలి ఒక్కటే చాలదు. పొడి చేరితే బలం, అంబలి వలన పరిచిత రుచి లభిస్తాయి.

మూత్రపిండాల వ్యాధి, మధుమేహం ఉన్నవారికి వైద్యుని సలహా లేనిదే ఏ పొడీ ఇవ్వరాదు. పక్షవాతం వలన మ్రింగడం కష్టమైనవారికి పలుచని ద్రవాలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. ఎవరికైనా కూర్చోబెట్టియే త్రాగించాలి. కలిపినది ఎండవేళ బయట నిలువ ఉంచరాదు.

మరొక మాట. తమిళం చక్కగా వచ్చిన మన పెద్దలు కూడా నీరసంలో తెలుగులోనే గొణుగుతారు. వారు "వెగటు" అంటే, "తిగట్టుదు" అని నర్సుకు చెప్పవలసినది ప్రక్కనున్న మనమే. ఎంత త్రాగారో, ఎంత మిగిల్చారో కాగితంపై వ్రాసి వైద్యునికి చూపాలి.

ఆరవ నాడు, వైద్యుని అడిగి, చల్లారిన అంబలిలో ఆ పొడి కలిపి చిన్న లోటాతో ఇచ్చాను. అమ్మ లోటా ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా?" అని అడిగింది.