రోగికి రోగి తోడు

సమస్త ప్రశంసలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతీ శుభాలూ కురియుగాక.

సోదర సోదరీమణులారా! రోగిని పరామర్శించడం ఒక ముస్లింపై మరో ముస్లింకు గల హక్కుల్లో ఒకటని మనం చిన్ననాటి నుండి వింటున్నాము. ఎవరికైనా జ్వరం వచ్చినా, కాలు విరిగినా ఆ హక్కును చెల్లించడంలో మనం వెనుకబడము. పండ్లు తీసుకుని వెళతాము, దుఆ చేస్తాము, తిరిగి వస్తాము. అయితే ఒక ఇంట క్యాన్సర్ అన్న మాట వినిపించిన నాటి నుండి పరిస్థితి వేరుగా ఉంటుంది. మొదటి వారం ఇల్లు నిండా బంధువులే. మూడవ నెల వచ్చేసరికి గడప తొక్కేవారు అరుదైపోతారు. చికిత్స మాత్రం అప్పటికి సగంలోనే ఉంటుంది. ఇందులో ద్వేషమేమీ లేదు. ఏమి మాట్లాడాలో తెలియక కొందరు, చూసి తట్టుకోలేక కొందరు, అంటుకుంటుందేమోనన్న అపోహతో మరికొందరు దూరమవుతారు.

క్యాన్సర్ ఒకరి నుండి ఒకరికి అంటుకునే వ్యాధి కాదు. రోగి పక్కన కూర్చున్నా, చేయి పట్టుకున్నా, ఒకే పళ్లెంలో తిన్నా రాదు. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) వెళ్లి పరామర్శించారు. దూరంగా నిలబడి కుశలం అడిగి వచ్చేయలేదు. ఆయన నుదుటిపై చేయి ఉంచారు, ముఖాన్నీ కడుపునూ తడిమారు, స్వస్థత కోసం ప్రార్థించారు. వైద్యునికి తప్ప మరెవరికీ తనను తాకాలని లేదని కుమిలిపోతున్న రోగికి ఆ స్పర్శ విలువ ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

కొన్నిసార్లు తలుపు మూసుకునేది రోగి కుటుంబమే. ముఖ్యంగా స్త్రీకి రొమ్ములోనో గర్భాశయ ముఖద్వారంలోనో వ్యాధి వస్తే, ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయన్న భయంతో దానిని రహస్యంగా ఉంచుతారు. గడ్డ చేతికి తగిలిన తరువాత కూడా నెలల తరబడి ఎవరికీ చెప్పుకోలేని తల్లులు మన మధ్య ఉన్నారు. ఈ మౌనం ప్రాణాల మీదికి తెస్తుంది. తొలి దశలో సాధ్యమయ్యే చికిత్స ఆలస్యమైనకొద్దీ కష్టమవుతుంది. చికిత్స చేయించుకోవచ్చునా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు దైవప్రవక్త (స) చేయించుకోమనే ఆదేశించారు. కాబట్టి వైద్యం కోసం బయటపడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. సిగ్గుపడవలసిన విషయం అంతకంటే కాదు.

ఇక తోడు విషయం. కందక యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిద్‌లోనే గుడారం వేయించారు. దగ్గర నుండి పరామర్శించడానికే అలా చేశారని బుఖారీ ఉల్లేఖనం తెలుపుతోంది. గాయపడినవారికి చికిత్స చేసే రుఫైదా (రజి) అనే మహిళ ఆయనకు సేవ చేశారు. దైవప్రవక్త (స) అటు వెళుతున్నప్పుడల్లా, ఉదయం ఎలా ఉన్నారని, సాయంత్రం ఎలా ఉన్నారని అడిగేవారు. ఒకసారి కాదు, పూటపూటకూ అడిగేవారు. రోగిని సమాజానికి దూరంగా ఒక మూలన ఉంచలేదు. జనం రోజుకు ఐదు పూటలా చేరే చోటనే ఉంచారు. క్యాన్సర్ చికిత్సకు సరిపోయే పరామర్శ ఇటువంటిదే. అనేక రకాల కీమోథెరపీలో మందును మూడు వారాలకొకసారి చొప్పున నెలల పాటు ఎక్కిస్తారు. రేడియేషన్‌కైతే తరచుగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాల పాటు ఆసుపత్రికి తిరగాలి. ఒక్కరోజు పరామర్శ అంతటి దారికి ఎలా సరిపోతుంది?

ఆరోగ్యవంతులు ఎంత ప్రేమించినా ఇవ్వలేనిది ఒకటుంది. అది అదే బాటలో నడిచినవారి మాట. జుట్టు కుచ్చులుగా రాలిన రోజు ఎలా ఉంటుందో, నోట్లో పుండ్లు లేచి మంచినీళ్లు కూడా మంట పుట్టించడం ఎలా ఉంటుందో, తరువాతి స్కాన్ ఫలితం వచ్చేవరకు నిద్ర ఎలా పట్టదో అనుభవించినవారికే తెలుసు. “ఆపా, నాకూ ఇలాగే అయింది, రెండు వారాల్లో తగ్గింది” అని ఒక స్త్రీ మరో స్త్రీకి చెప్పే ధైర్యం మన ఉపన్యాసాల వల్ల రాదు. 1952లో అమెరికాలో టెరీస్ లాసర్ అనే మహిళకు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత ఎలా జీవించాలో చెప్పేవారు కరవయ్యారని ఆమె గ్రహించి, కొత్తగా శస్త్రచికిత్స పొందిన స్త్రీల వద్దకు స్వయంగా వెళ్లడం ప్రారంభించారు. ‘రీచ్ టు రికవరీ’ అన్న పేరుతో ఆ పని క్రమంగా అనేక దేశాలకు వ్యాపించింది.

మన హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో స్థాపితమైంది. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరును అది నేటికీ మోస్తున్నది. జిల్లాల నుండి వచ్చేవారు అటువంటి ఆసుపత్రుల వరండాలలో గంటలకొద్దీ వేచి ఉంటారు. ఏ కాగితం ఏ గదిలో ఇవ్వాలి, ఆరోగ్యశ్రీ అనుమతికి ఏమేమి కావాలి, రాత్రికి ఎక్కడ తలదాచుకోవాలి అన్నవి పక్క బెంచీ మీది రోగియే చెబుతాడు. అక్కడ మతం, కులం అడిగేవారుండరు. తనకు సేవ చేసిన యూద బాలుడు జబ్బుపడితే దైవప్రవక్త (స) స్వయంగా అతని ఇంటికి వెళ్లారు. కాబట్టి ఆ బెంచీ మీది స్నేహాన్ని మనవారికే పరిమితం చేయనక్కరలేదు.

మూసా (అ) అంతటి ప్రవక్త, తన బాధ్యతలో తోడుగా సోదరుడు హారూన్ (అ)ను ఇమ్మని అల్లాహ్‌ను వేడుకున్నారు. తోడు కోరడం విశ్వాస బలహీనత కాదనడానికి ఇంతకన్నా ఏమి కావాలి? రోగులారా, మీరు కేవలం సహాయం పుచ్చుకునేవారు కారు. చికిత్స ముగించుకున్న సోదరి వారానికొకసారి చేసే ఫోను, నిన్ననే రిపోర్టు అందుకున్న మరో సోదరికి గొప్ప దానం.

ప్రతి మస్జిద్ కమిటీ ఈ పనిని చేపట్టవచ్చును. ఒప్పుకున్నవారి పేర్లు మాత్రమే తీసుకుని, చికిత్స పూర్తయినవారిని కొత్తవారితో కలపాలి. స్త్రీలను స్త్రీలే కలవాలి. రోగి చెప్పిన విషయం అమానతు. దానిని మరో ఇంట చెప్పరాదు. ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయకపోవచ్చు గనుక వైద్య సలహాలు వైద్యునికే విడిచిపెట్టాలి. కీమో వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది. జలుబు, దగ్గు ఉన్నవారు ఆ రోజుల్లో ఇంటికి వెళ్లకుండా ఫోనులో పలకరించడమే మేలు. మన ప్రేమ ఎప్పుడూ బిర్యానీ గిన్నెలోనే వెళ్లాలని కూడా లేదు. మసాలా వాసనకే వాంతి వచ్చే రోగికి ఆయిషా (రజి) రోగులకు సిఫారసు చేసిన తల్బీనా వంటి మెత్తని జావ నయం. ఏమి తినగలరో ముందుగా అడిగి తెలుసుకుంటే ఇంకా నయం. రమజానులో ఉపవాసం లేని రోగిని చూసి ముఖం చిట్లించకండి. ఆ సడలింపు ఖుర్ఆన్ ఇచ్చినది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని కూడా వారికి గుర్తు చేయండి.

ఓ అల్లాహ్! ఈ వారం మందు ఎక్కించుకోబోతున్నవారికి ఓర్పును ప్రసాదించు. ఫలితం కోసం ఎదురుచూస్తున్నవారి హృదయాలకు నెమ్మదినివ్వు. వారి పక్కన రాత్రంతా మేలుకుని కూర్చునేవారిని బలపరచు. ఎవరికీ చెప్పుకోలేక ఒంటరిగా ఉన్నవారి తలుపు వద్దకు మమ్మల్ని నడిపించు. ఆమీన్.