ఇంటి ఉష్ణపంపు – దానికి తగిన థర్మోస్టాటు

బెంగుళూరు, చెన్నపురి, ముంబయి, బరంపురము మొదలగు పట్టణములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఎన్నిటికో నేడు అమెరికా, కెనడా వంటి చలిదేశములలో కొడుకో కూతురో కాపురముండుట మన మెరిగినదే. ఆ దేశములలో ఇండ్లను వెచ్చపరచుటకు ఉష్ణపంపులను అమర్చుకొనువారు చాలమంది కలరు. చలికాలమున బిడ్డలను చూడబోయిన పెద్దలు గోడమీది మీటను ఇష్టము వచ్చినట్లు తిప్పుటయు, నెల తిరుగునప్పటికి విద్యుత్తు బిల్లు తడిసి మోపెడగుటయు కద్దు. ఆ మీటయే థర్మోస్టాటు. మన ఇండ్లలోని గదులను చల్లబరచు ఏ.సి. యంత్రము కూడ ఉష్ణపంపునకు తోబుట్టువే గనుక, ఈ విషయము ఇచ్చటివారికిని ఉపయోగపడును.

ఉష్ణపంపు వేడిని పుట్టించునది కాదు. ఒకచోటి వేడిని మరియొకచోటికి మోయునది. నీరు తనంతట తాను పల్లమునకే పారును. దానిని మెరకకు ఎక్కింపవలెనన్న ఏతము కావలెను. అట్లే వేడియు తనంతట తాను వెచ్చని చోటినుండి చల్లని చోటికే పోవును. దానిని ఎదురు నడిపించుటకు కంప్రెసరు కావలెను. ఈ పద్ధతిచే ఇండ్లను వెచ్చపరుపవచ్చునని తరువాతికాలమున లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధికెక్కిన విలియం థామ్సన్ 1852లోనే సూచించెను. బయటి గాలి మనకెంత చల్లగా తోచినను అందులో వేడి ఉండనే ఉండును. యంత్రములోని ద్రవము అంతకంటె తక్కువ ఉష్ణోగ్రతవద్ద ఆవిరియై ఆ వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి మరింత వేడెక్కించి ఇంటిలోనికి పంపును. వేసవిలో ఒక కవాటము ఈ దారిని తలక్రిందులు చేయగా అదే యంత్రము ఇంటిని చల్లబరచును.

ఇందలి లాభమేమి? విద్యుత్తుతో కాగు తీగచుట్ట ఒక యూనిట్ విద్యుత్తునకు ఒక యూనిట్ వేడిని మాత్రమే ఇచ్చును. మంచి ఉష్ణపంపు సామాన్యమైన చలిలో ఒక యూనిట్ విద్యుత్తునకు సుమారు మూడు యూనిట్ల వేడిని లోనికి తేగలదు. అయితే బావి లోతైనకొలది తోడువాని శ్రమ హెచ్చునట్లు, బయట చలి ముదిరినకొలది ఈ లాభము తగ్గుచుండును. అందుచే అమెరికాలో అనేక గృహములందు ఉష్ణపంపునకు తోడుగా ఒక తీగచుట్టల హీటరును కూడ అమర్చుదురు. ఖర్చు పెరుగుట ఈ తోడు హీటరు వలననే. దానిని ఎప్పుడు పిలువవలెనో, ఎప్పుడు పిలువరాదో నిర్ణయించునది థర్మోస్టాటు.

విద్యుత్తుతో పనిచేయు గది థర్మోస్టాటు ఒక ఉపాధ్యాయుని సృష్టి యగుట మనబోటివారికి ముచ్చట గొలుపు సంగతి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమందలి వైట్‌వాటర్‌లో ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయమున ఆచార్యుడైన వారెన్ జాన్సన్ దీనికి 1883లో పేటెంటు పొందెను. పనివాడు మాటిమాటికి తరగతి గదులలోనికి వచ్చి వేడిని చూచిపోవుట తప్పింపవలెనని ఆయన తలంపు.

ఇంధనము మండించు పొయ్యి ఉన్న ఇంట రాత్రి వేడిని తగ్గించి, తెల్లవారగనే ఒక్కమారుగా పెంచిన ఆదాయమే. ఉష్ణపంపు విషయమున అట్లు కాదు. అది నెమ్మదిగా, విడువక పనిచేయునది. రాత్రి 17 డిగ్రీలకు దించి, ఉదయమున ఒక్కమారుగా 21కి పెంచినచో, సాధారణ థర్మోస్టాటు ఈ పంపు చాలదని తలచి వెంటనే తోడు హీటరును పిలుచును. ఇల్లు తిరిగి వెచ్చబడుటకు 6 యూనిట్ల వేడి కావలెననుకొందము. మూడింతల లాభముతో పంపు దానిని 2 యూనిట్ల విద్యుత్తుతో తెచ్చును. హీటరునకు 6 యూనిట్లు కావలెను. రాత్రి మిగిల్చినది ఉదయమునకు కరగిపోవును. కావున ఒక డిగ్రీకో రెండు డిగ్రీలకో మించి మార్పక, నిలుకడగా ఉంచుటయే సామాన్యముగా మేలు.

ఇక థర్మోస్టాటును ఎన్నుకొనునప్పుడు చూడవలసిన అంశములు:

1. అది ఉష్ణపంపునకు, తోడు హీటరునకు తగినదని స్పష్టముగా వ్రాసియుండవలెను. దారి మార్చు కవాటమునకు కొందరు తయారీదారులు ‘ఓ’ పద్ధతిని, కొందరు ‘బి’ పద్ధతిని అనుసరింతురు. ఇది తప్పుగా అమర్చినచో వేడి కోరిన ఇంటిలోనికి చల్లగాలి వచ్చును.

2. బయటి ఉష్ణోగ్రతను గమనించి, నిర్ణీతమైన చలికంటె తక్కువ చలిలో తోడు హీటరును రానీయని ఏర్పాటు ఉండవలెను. ఎన్నికలో ముఖ్యమైనది ఇదియే.

3. ఉదయము కోరిన వేడికి ముందుగానే మేల్కొని, పంపుతోనే మెల్లగా చేరుకొను తెలివి ఉండవలెను.

4. ‘ఎమర్జెన్సీ హీట్’ అను మీట కంప్రెసరును పూర్తిగా ఆపి, హీటరునే నడుపును. అది పంపు చెడినప్పటికే గాని, చలి ఎక్కువైనదని నొక్కదగినది కాదు. ఈ సంగతి పెద్దలకు ముందే చెప్పవలెను.

5. కంప్రెసరు తన వేగమును మార్చుకొను ఇన్వర్టరు యంత్రములలో పెక్కింటికి ఆ తయారీదారు నియంత్రణమే తగును. ఆగుట, నడచుట మాత్రమే తెలిసిన బయటి థర్మోస్టాటును తగిలించినచో ఆ యంత్రపు గుణము వ్యర్థమగును.

6. అమెరికాలో ఈ నియంత్రణపు తీగలు సాధారణముగా 24 వోల్టులవి. గోడవార హీటర్ల థర్మోస్టాట్లు అంతకు చాల ఎక్కువ వోల్టేజివి. ఒకదానికి బదులు ఒకటి వాడుట ప్రమాదము.

7. థర్మోస్టాటును ఎండ తగులు గోడమీదను, వంటగది ప్రక్కను, గాలి వచ్చు రంధ్రము నెదుటను ఉంచరాదు. అది తానున్న చోటి వేడినే గదియంతటి వేడిగా భావించును.

మన యిండ్లలోని ఏ.సి.కి వత్తము. ఎండనబడి వచ్చి 18 డిగ్రీలకు పెట్టినచో గది త్వరగా చల్లబడునని పలువురు నమ్ముదురు. ఒకే వేగమున నడచు యంత్రము 24కు పెట్టినను, 18కి పెట్టినను 24 వరకు ఒకే వేగముతో చల్లబరచును. 18కి పెట్టినప్పుడు అచ్చట ఆగదు, అంతే భేదము. ఆ పిమ్మట ఇంటిల్లిపాదియు దుప్పట్లు వెదకుకొందురు. స్టార్ గుర్తుగల గది ఏ.సి.లు మొదటవేసినప్పుడు 24 డిగ్రీలవద్ద ఉండవలెనని భారత ప్రభుత్వము 2020 జనవరి 1 నుండి నియమము చేసెను. ఒక్కొక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. 24కు పెట్టి పంకాను మెల్లగా తిప్పుకొనుట దేహమునకును, బిల్లునకును హితము.

విదేశమున ఇల్లు కొనబోవు బిడ్డలకు తల్లిదండ్రులు ఈ మూడు ప్రశ్నలు వ్రాసి పంపుట మంచిది: పంపునకు తోడు హీటరు కలదా? అది ఎంత చలివద్ద మొదలగును? ఈ థర్మోస్టాటు దానిని ఆపగలదా? అమ్మువాడు ఈ మూడింటికిని తిన్నగా జవాబు చెప్పిన పిమ్మటనే ధర మాట్లాడవలెను. చలికాలమున అచ్చటికి వెళ్లు పెద్దలు వణకుచు కూర్చుండనక్కరలేదు; తమకు హాయిగా నుండు ఉష్ణోగ్రతను మొదటనే చెప్పి, దానిని నిలుకడగా ఉంచుకొనిన చాలును.