పొడి డబ్బా, పెద్దల కాళ్ళ బలం

"కుర్చీలో నుండి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించవలసి వస్తున్నది" అనే మాట మన ఇళ్ళలో తరచు వినబడుతూ ఉంటుంది. అనేవారెవరు? తెల్లవారకముందే లేచి రబ్బరు చెట్లు గీసి, పాల బకెట్లు మోసుకొని తూకానికి నడచిన మన తోటల పెద్దలే. పిల్లలు కంగారుపడి మందుల షాపుకు వెళ్ళి ఖరీదైన పొడి డబ్బా తెస్తారు. తేవడంలో తప్పు లేదు. కాని అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ముందు తెలుసుకొనుట మంచిది.

ముప్పై ఏళ్ళు దాటిన తరువాత కండ పదేళ్ళకు సుమారు 3 నుండి 8 శాతం వరకు తరుగుతుంది. అరవై దాటితే వేగం ఇంకా హెచ్చు. దీనికి ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా వైద్యుడు 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో మాంసం కొరత అని దీని భావం.

బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలోని నూరుమందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వెలువడినవి. వారి సగటు వయస్సు 87. పది వారాలపాటు కొందరిచేత కాళ్ళకు బరువు పెట్టి వ్యాయామం చేయించారు, కొందరికి పోషక పానీయం ఇచ్చారు, కొందరికి రెండూ, మిగిలినవారికి రెండూ లేవు. వ్యాయామం చేసినవారి కండ బలం రెట్టింపుకు మించి పెరిగినది. పానీయం మాత్రమే తాగినవారికి బలం పెరగలేదు. ఆ వయస్సులో రెట్టింపు బలమా అని నేను రెండుసార్లు చదువుకొన్నాను.

అట్లని తిండి అక్కరలేదని కాదు. వృద్ధులకు శరీరం బరువులో కిలోకు రోజుకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని నిపుణులు 2013లో సూచించారు. అరవై కిలోల మనిషికి 60 నుండి 72 గ్రాములన్నమాట. మన పెద్దలు రాత్రి రసం అన్నంతోనో, టీ బిస్కట్లతోనో సరిపెట్టుకుంటారు. అందులో ఏముంటుంది? ఒక గుడ్డులో 6 గ్రాములు, నూరు గ్రాముల చేపలో ఇరవై దాకా, టెంపేలో ఇంచుమించు అంతే. పూటపూటా వీటిలో ఏదో ఒకటి ఉండవలెను. నమలలేనివారికి, జబ్బుపడి ఆకలి చచ్చినవారికి పొడి నిజంగా ఉపయోగమే.

క్రియాటిన్ రోజుకు 3 నుండి 5 గ్రాములు వ్యాయామానికి తోడైతే మరికొంత మేలు చేస్తుంది. విటమిన్ డి లోపం ఉన్నవారికే అవసరం. ఎక్కువైతే మంచిదనుకోరాదు. జూరిచ్‌లో నెలకు 60,000 యూనిట్లు ఇచ్చిన వృద్ధులు తక్కువ మోతాదు వారికంటే ఎక్కువగా పడిపోయారని 2016లో తేలినది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, ముఖ్యంగా చక్కెర వ్యాధిగ్రస్తులు, డాక్టరును అడగనిదే పొడిగాని క్రియాటిన్‌గాని ముట్టరాదు.

ఇక వ్యాయామం. గట్టి కుర్చీని గోడకు ఆనించి, అందులో కూర్చొని లేవడమే. మొదట ఎదుట బల్ల పట్టుకొని, అలవాటైన తరువాత చేతులు వదలి, పదిసార్లు. మా పెద్దమ్మ మొదటి వారం నాలుగుసార్లకే ఆగిపోయి మమ్మల్ని తిట్టినది. రెండో నెలలో మార్కెట్టు సంచి తానే పట్టుకొని మెట్లెక్కినది.