గన్నవరము విమానాశ్రయము: సేవయు ఋణమును

బెజవాడకు తూర్పుగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గము ప్రక్కన, గన్నవరము విమానాశ్రయము కలదు. కృష్ణా, గుంటూరు, పశ్చిమగోదావరి మండలముల ప్రజలకు ఆకాశమార్గమునకు ద్వారమిదియే. దీనిని గూర్చి పలికెడివారు భవనముల వైశాల్యమును, వెచ్చించిన కోట్లను లెక్కించి తృప్తినొందుచుందురు. విమానాశ్రయమునకు గౌరవము కట్టడమువలన రాదని మేము తలంచుచున్నాము. నియమము తప్పక సాగెడి సేవవలనను, నేలనిచ్చినవారి ఋణమును తీర్చుటవలనను మాత్రమే యది కలుగును. ఈ రెండు కొలతలతోడను గన్నవరమును పరీక్షింపవలసియున్నది.

ఈ విమానస్థలము రెండవ ప్రపంచ యుద్ధకాలమున సేనల యవసరమునకై పుట్టినది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు వైచినవి. తూర్పుతీరమంతయు నాడు భయమున మునిగినది. అట్టి దినములలో ఏర్పడిన విమానస్థలము ప్రజల ప్రయాణమునకుగాని, వ్యాపారమునకుగాని యుద్దేశింపబడినది కాదు. యుద్ధము ముగిసెను, సేనలు తరలెను, బాట మిగిలెను. పరుల యుద్ధమునకై పరచిన బాట స్వతంత్ర భారతమున ప్రజల సొత్తయ్యెను.

సొత్తు లభించినంత మాత్రమున సేవ లభింపలేదు. 1953లో ప్రభుత్వము హైదరాబాదునందలి డెక్కన్ ఎయిర్‌వేసుతో గూడ ఎనిమిది విమానసంస్థలను జాతీయము చేసి, దేశములోపలి ప్రయాణములకు ఇండియన్ ఎయిర్‌లైన్సును నెలకొల్పెను. మహానగరములను కలుపుటయే యాసంస్థకు ప్రధానకార్యమగుటచే చిన్నపట్టణములు తమ వంతుకై వేచియుండవలసివచ్చెను. వానికొరకే 1981లో వాయుదూత్ అను సంస్థను వేరుగా స్థాపించిరి. పండ్రెండేండ్లకే యది నష్టములపాలై 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్సున విలీనమయ్యెను. 2003లో ఎయిర్ డెక్కన్ సంస్థ చిన్న విమానములతో హైదరాబాదునుండి గన్నవరమునకు రాకపోకలు సాగించి, మధ్యతరగతివారికి సైతము విమానమెక్కు భాగ్యము కల్పించెను. ఆ సంస్థను కింగ్‌ఫిషర్ కలుపుకొనెను. 2012లో కింగ్‌ఫిషర్ మూతబడెను. 2019 ఏప్రిలులో జెట్ ఎయిర్‌వేసును నిలిచిపోయెను. సంస్థలు వచ్చుచు పోవుచుండగా బాటయు, బాటకై యెదురుచూచు జనమును మాత్రమే నిలిచియుండిరి.

2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము విభజింపబడుటతో గన్నవరము దశ మారెను. మహావిమానాశ్రయము హైదరాబాదుతో పొరుగురాష్ట్రమునకు పోయెను. నూతన రాజధానికి సమీపమున నున్నది గన్నవర మొక్కటియే. 2017 జనవరిలో క్రొత్త టెర్మినల్ భవనము ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరము మే నెలలో కేంద్ర మంత్రివర్గము దీనిని అంతర్జాతీయ విమానాశ్రయముగా ప్రకటించుట కామోదించెను. 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పెంచి, 2019 ఫిబ్రవరిలో జాతికంకితము చేసిరి. నాడే మరియొక పెద్ద టెర్మినల్ భవనమునకు పునాదిరాయి వైచిరి. ఆ భవనము ఆరేండ్లు గడచి 2025వ సంవత్సరము ప్రవేశించునప్పటికిని పూర్తికాలేదు. పునాదిరాయి వేయుటలో మనకున్న యుత్సాహము గృహప్రవేశమువఱకు నిలువదని దీనివలన తేటపడుచున్నది.

ఇక సేవల మాట. 2018 డిసెంబరు 4వ తేదీన ఇండిగో సంస్థ ఇచ్చటినుండి సింగపూరునకు విమానము నడపనారంభించెను. సీట్లు నిండక కలుగు నష్టమును రాష్ట్రప్రభుత్వము భరించునట్లు ఒడంబడిక. 2019 వేసవిలో ప్రభుత్వము మారెను. జూన్ నెలతో ఆ విమానమును నిలిచెను. ఆఱు మాసముల కాలము ఒక మార్గము వేరూనుటకు చాలునా? మరల సింగపూరునకు నడపుదుమని ఆ సంస్థయే 2025లో ప్రకటించినది. 2022 అక్టోబరు 31వ తేదీన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు మార్గము తెఱచెను. గోదావరి మండలములనుండి గల్ఫు దేశములకు కష్టార్జితమునకై పోవు స్త్రీపురుషుల కిట్టి మార్గము విలాసము కాదు, జీవనాధారము. 2023లో హజ్ యాత్రికులు మొదటిసారిగా గన్నవరమునుండియే బయలుదేరిరి. హైదరాబాదునకన్న ఇచ్చట ఛార్జి హెచ్చగుటచే ఆ యధికభారమును రాష్ట్రప్రభుత్వము వహింపవలసివచ్చెను.

ఆపత్కాలమున ఈ విమానాశ్రయము చేసిన యుపకారమును మరువరాదు. 2020 మే మాసమున, మహమ్మారి ప్రబలిన దినములలో, విదేశములందు చిక్కుకొన్నవారిని తెచ్చిన విమానము లిచ్చట దిగినవి. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి బెజవాడను ముంచినప్పుడు రక్షణదళములు వాయుసేన విమానములలో ఇచ్చటికే చేరినవి. ఆనాడు లాభనష్టముల లెక్క యెవ్వరు నడుగలేదు.

లాభము లేని మార్గమునకు ప్రజాధనమేల, విపణియే నిర్ణయింపనిండని కొందఱందురు. ఈ వాదమును త్రోసిపుచ్చరాదు. పన్ను చెల్లించు రైతు ధనము ఖాళీ సీట్లను మోయుటకు గాదు. కాని విమానమునకు జనమును, జనమునకు విమానమును నమ్మకమువలననే యలవడుదురు. కృష్ణ ఆనకట్ట క్రింది రైతు నడిగిన దీని మర్మము చెప్పును. కాలువకు నీరు ఏ దినమున వదలుదురో, ఏ దినమున కట్టివేయుదురో తెలియనిచో అతడు నారు పోయడు. నేడు వచ్చి రేపు ఆగు విమానమును నమ్మి ఏ వర్తకుడు సరుకు పంపును? ఏ కూలివాడు ఆరు నెలల ముందుగా టిక్కెట్టు కొనును? కావున దోషము సహాయమిచ్చుటలో లేదు. గడువు లేక, లెక్క లేక, ప్రభుత్వము మారినతోడనే మారునట్లు ఇచ్చుటలో నున్నది.

దీనికంటె గురుతరమైన విషయ మొకటి కలదు. రన్‌వే పెరుగుటకు నేల ఆకాశమునుండి దిగిరాలేదు. కేసరపల్లి, బుద్ధవరము, అజ్జంపూడి మున్నగు గ్రామముల రైతులు సుమారు 700 ఎకరముల భూమి నిచ్చిరి. రొక్కమునకు బదులు అమరావతి రాజధాని ప్రాంతమున అభివృద్ధిపఱచిన స్థలము లిత్తుమను మాటను నమ్మి వారు సమ్మతించిరి. 2019 డిసెంబరున మూడు రాజధానుల ప్రస్తావన వచ్చుటతో అమరావతి పనులు స్తంభించెను. 2022 మార్చి 3వ తేదీన హైకోర్టు రైతుల పక్షమున తీర్పు చెప్పినను పనులు చురుకుగా సాగలేదు. 2025 మే 2వ తేదీన ప్రధానమంత్రి వానిని మరల ప్రారంభించిరి. ఈ నడుమ గన్నవరము రైతు నేల మీద విమానములు దిగుచు లేచుచునేయుండెను. అతనికి రావలసిన స్థలము మాత్రము ముళ్లకంపల నడుమ నుండెను. ఇచ్చినది చేజాఱెను, పుచ్చుకొనవలసినది చేతికందలేదు. భూమిని నమ్ముకొని బ్రదుకు మన పాఠకులకు ఈ బాధను విడమరచి చెప్పనక్కఱలేదు.

కాబట్టి మూడు పనులు తక్షణము జరుగవలయునని మేము కోరుచున్నాము. మొదటిది: విమానసంస్థకు ప్రభుత్వసహాయ మిచ్చు ప్రతి మార్గమునకును మూడేండ్లకు తక్కువగాని గడువును, ఏటేట తగ్గు మొత్తమును ముందుగానే నిర్ణయించి, ఒడంబడికను ప్రజలకు తెలియజేయవలెను. రెండవది: ఎందఱెక్కిరో, ఎంత సరుకు పోయెనో, ఎంత ధనము వ్యయమయ్యెనో శాసనసభ ముందు ఏటేట నుంచవలెను, గడువు తీరిన పిమ్మట నిలువజాలని మార్గమును మొగమాటము లేక విడువవలెను. మూడవది: క్రొత్త టెర్మినలునకు ద్వారము తెఱచు దినమునకు ముందే భూమినిచ్చిన ప్రతి రైతునకును అతని స్థలము హద్దురాళ్లతో, దస్తావేజుతో అప్పగింపవలెను.

విమానాశ్రయము కేంద్రప్రభుత్వసంస్థ యధీనముననున్నది, సహాయధనము రాష్ట్రముది, విమానములు ప్రైవేటు సంస్థలవి, నేల రైతుది. నలుగురిలో ముగ్గురికి ఒడంబడికలు కలవు, న్యాయవాదులు కలరు. నాలుగవవానికి నోటిమాటయే యాధారము. ఆ మాట నిలిచినప్పుడే గన్నవరమునకు అంతర్జాతీయమను బిరుదము శోభించును.