మెట్ల దారిన తిరుమలకు

మహమ్మద్ నగర్ ఆడవాళ్లు నలుగురు కలిసి తిరుపతి పోదామనుకున్నారనుకోండి. కామారెడ్డిలో రైలెక్కితే తిరుపతిలో దిగవచ్చు. అక్కడి నుంచి కొండ మీదికి బస్సులున్నాయి. కాని ఒకామె, “నడిచి వస్తనని దేవునికి మొక్కిన” అంటుంది. “పొద్దంతా వంగి నాట్లేస్తం. మెట్లెక్కలేమా?” అంటుంది ఇంకొకామె.

ఎక్కగలరు. కాని చదును నేల మీద నడక వేరు. మెట్లెక్కుడు వేరు. పైగా అది అడవి దారి. అందుకే ఇంటి దగ్గరే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

అది ఏ అడవి?

తిరుమల చుట్టూ ఉన్నవి శేషాచలం కొండలు. ఈ అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా ప్రకటించారు. జాతీయ పార్కు అంటే జంతువులకు, చెట్లకు రక్షణ ఉన్న అడవి. ఇక్కడ ఎర్రచందనం చెట్లు పెరుగుతాయి. చిరుతపులులు, ఎలుగుబంట్లు, జింకలు తిరుగుతాయి. అది వాటి ఇల్లు. మనం ఆ ఇంట్లోంచి నడిచి పోతున్నాం.

రెండు దారులు

ఒకటి అలిపిరి దారి. 3550 మెట్లు. సుమారు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు గట్టిగా ఉంటుంది. తర్వాత చాలా దూరం చదును. చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారు మెట్లు. చాలా మందికి నాలుగైదు గంటలు పడుతుంది.

రెండోది శ్రీవారి మెట్టు. ఇది శ్రీనివాస మంగాపురం దగ్గర మొదలవుతుంది. 2388 మెట్లు. సుమారు 2 కిలోమీటర్లు. దారి చిన్నదే, కాని ఎక్కుడు ఎక్కువ. గంటన్నర, రెండు గంటలు పడుతుంది.

ఎప్పుడు బయలుదేరాలి?

పొద్దున 5 గంటలకు అలిపిరిలో మొదలు పెడితే 10 గంటలకల్లా పైకి చేరవచ్చు. ఎండ ముదరదు. మధ్యాహ్నం 3 గంటలకు మొదలు పెడితే రాత్రి 8 అవుతుంది. చీకట్లో అడవిలో ఉండిపోతారు.

ఇది ఎందుకు ముఖ్యం? 2023 ఆగస్టులో అలిపిరి దారిలో రాత్రివేళ ఒక ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయింది. పాప చనిపోయింది. ఆ తర్వాత అటవీ శాఖ వారు బోన్లు పెట్టి కొన్ని చిరుతలను పట్టుకున్నారు. మధ్యాహ్నం 2 గంటలు దాటితే చిన్న పిల్లలను ఆ దారిలో పోనివ్వరాదని అప్పుడు నియమం పెట్టారు. ఇలాంటి నియమాలు మారుతుంటాయి. వెళ్లే ముందు కనుక్కోవాలి.

చిరుత ఎక్కువగా సాయంత్రం, రాత్రి వేటాడుతుంది. ఒంటరిగా ఉన్న చిన్న జంతువును చూసుకుంటుంది. చిన్న పిల్లలు, కిందికి వంగి కూర్చున్న మనిషి దానికి అలాగే కనిపిస్తారు. అందుకే పిల్లల చెయ్యి వదలరాదు. పిల్లలు ముందుకు ఉరకరాదు, వెనుకబడరాదు. అందరూ గుంపుగా నడవాలి. దారి దిగి పొదల్లోకి పోరాదు. చిరుత కనిపిస్తే పరుగెత్తరాదు. పిల్లల్ని ఎత్తుకుని, నిలబడి, గట్టిగా అరవాలి. దాని మీద చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి రావాలి.

కోతులకు, జింకలకు తిండి పెట్టరాదు. తిండి కోసం అవి దారి మీదికి వస్తాయి. వాటి వెంట చిరుత వస్తుంది.

ఒంటి సంగతి

బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగాలి. వద్దంటే బస్సులో పోవాలి. అందులో సిగ్గు లేదు. షుగర్ ఉన్నవాళ్లు మందులు, బెల్లం ముక్క, బిస్కెట్లు కొంగున కట్టుకోవాలి. నీళ్లు కొంచెం కొంచెంగా తాగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అక్కడే కూర్చోవాలి. పక్కవాళ్లకు చెప్పాలి. “ఇంకొన్ని మెట్లే గదా” అని ఎక్కరాదు.

బరువు మూటలు మోయనక్కర లేదు. అలిపిరిలో సామాను తీసుకుని పైకి చేరుస్తారు. రసీదు అడిగి తీసుకోవాలి. దాని మీది నంబరు చదివి చూసుకోవాలి.

ఒక చీటీ రాయండి

పిల్లవాని పేరు, ఊరి పేరు, మీ ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాయండి. వాడి జేబులో పెట్టండి. పెద్దవాళ్లూ తలా ఒకటి రాసుకోవాలి. గుంపులో తప్పిపోతే ఆ చీటీయే దారి చూపుతుంది. దారిలో బోర్డులు తెలుగులో ఉంటాయి. ఆగి చదవండి. ఇప్పుడు ఎవరినీ అడిగే పని లేదు.

ఆలోచించండి

1. పగలు 11 గంటలకు అలిపిరిలో బయలుదేరితే ఎన్ని గంటలకు పైకి చేరతారు?

2. మీ గుంపులో మెట్లెక్కలేని వాళ్లు ఎవరు? బస్సులో వాళ్లకు తోడు ఎవరు పోతారు?