మోటారు సైకిలు - చేతి తిమ్మిరి

పాత బుల్లెట్టు మోటారు సైకిలుపై అరువది కిలోమీటర్లు ప్రయాణము చేసి దిగిన మనుష్యుడు మొట్టమొదట చేయు పనిని మీరెప్పుడైన గమనించినారా? బండిని స్టాండుపై నిలిపి, రెండు చేతులను గాలిలో విదలించును. పిడికిళ్లు మూసి తెరచి చూచుకొనును. "తిమ్మిరెక్కినవి" అని నవ్వి ఊరుకొనును. ఈ నవ్వి ఊరుకొనుట ఎంతవరకు తగునో, ఆ తిమ్మిరి ఎక్కడ పుట్టి ఎట్లు చేతిని చేరుచున్నదో, దానిని తగ్గించు ఉపాయములేవో ఈ ప్రసంగమున ముచ్చటింపదలచినాము.

మాకు పరిచితులైన పాల వర్తకులొకరు కలరు. తెల్లవారుజామున బయలుదేరి, ఇరుప్రక్కల క్యానులు కట్టిన బుల్లెట్టుపై వారు ఊరూర తిరుగుచుందురు. కొంతకాలము క్రిందట వారి కుడిచేతి వ్రేళ్లకు తిమ్మిరి పట్టుకొన్నది. హ్యాండిలు పిడులకు స్పాంజి తొడుగులు తొడిగించిరి. అది చాలక దళసరి చేతొడుగులు కొనిరి. అదురు కొంత తగ్గినట్లే తోచినది. మూడు నెలలు గడచిన పిమ్మట, ఒకనాడు సిలిండరు హెడ్డును చట్రమునకు కట్టియుంచు ఇనుప పట్టీ విరిగి వ్రేలాడుచు కనబడినది. దాని బోల్టు చాలకాలమునుండి వదులైయున్నది. బండి ఆ సంగతిని అదురు రూపమున ప్రతిదినము చెప్పుచునే యున్నది. వారు దానిపై స్పాంజి కప్పిరి.

ఇట్టి పొరపాటు వారొక్కరిదే కాదు. అదురు పుట్టు చోటొకటి, అది నడచు దారియొకటి, చేరు చోటొకటి. చాలమంది చికిత్సను చేరు చోటునుండి, అనగా చేతినుండి ఆరంభింతురు. పుట్టుచోటునుండి ఆరంభించుటయే సరియైన పద్ధతి.

అదురు పుట్టుట ఎట్లు? 1955లో మద్రాసున ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ చిరకాలము తయారుచేసిన 350 బుల్లెట్టునే ఉదాహరణగా గ్రహింతము. దానికి సిలిండరు ఒక్కటే. వ్యాసము 70 మిల్లీమీటర్లు; పిస్టను పైకిని క్రిందికిని నడచు దూరము 90 మిల్లీమీటర్లు; లోపలి ఘనపరిమాణము 346 ఘన సెంటీమీటర్లు. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు పిస్టను సెకనుకు 50 మారులు పైకి పోయి 50 మారులు క్రిందికి దిగును. అనగా సెకనుకు నూరు మారులు పూర్తిగా ఆగి, నూరు మారులు వెనుదిరుగును. పిస్టను, దాని పిన్ను, కనెక్టింగు రాడ్డు పై భాగము కలిసి అర కిలోగ్రాము తూగుననుకొందము. పై కొసన దానిని ఆపి వెనుకకు మరల్చుటకు కావలసిన బలము 225 కిలోగ్రాముల బరువునకు తక్కువ కాదు. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు మూడు! ఇంత బలము సెకనుకు 50 మారులు ఇంజనును పైకి గుంజుచు, 50 మారులు క్రిందికి నొక్కుచుండును. వేగము రెట్టింపైనచో ఈ బలము నాలుగు రెట్లగును. కావుననే నెమ్మదిగా పోవునపుడు మెత్తగా నుండు బండి, పరుగు హెచ్చిన కొలది చేతులను కొరుకును.

"దీనికి ఎదురు బరువు పెట్టి సరిచేయరాదా?" అని మీరడుగవచ్చును. క్రాంకునకు అట్టి బరువు ఉండనే యున్నది. కాని చిక్కేమనగా, పిస్టను నిలువుగా మాత్రమే కదలును. క్రాంకుపై బరువు గుండ్రముగా తిరుగును. పిస్టను బలమును సంపూర్ణముగ రద్దు చేయునంత బరువు పెట్టినచో, నిలువుటదురు పోవును గాని, క్రాంకు అడ్డముగా తిరిగిన క్షణమున ఆ బరువునకు ఎదురు నిలుచునది లేక, అంతే అదురు ముందు వెనుకలకు పుట్టును. అందుచేత నిర్మాతలు కొంత భాగమునకే తూకము కట్టి, మిగిలినదానిని రెండు దిక్కులకును పంచిపెట్టుదురు. ఏక సిలిండరు బండి అదురుట ఎవరి అజాగ్రత్తయు కాదు. అది దాని స్వభావము.

ఈ స్వభావమును జయించిన మార్గములు లేకపోలేదు. 1923లో జర్మనీలో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. ఆర్ 32 బండిలో రెండు పిస్టనులు ఎదురెదురుగా, ఒకటి కుడికి పోవునపుడు రెండవది ఎడమకు పోవునట్లు అమర్చబడినవి. ఒకదాని గుంజుట రెండవదానితో చాలవరకు చెల్లిపోవును. మరియొక మార్గము, క్రాంకునకు వ్యతిరేక దిశలో తిరుగు తూకపు కడ్డీని చేర్చుట. ఇంజనుల అదురును ఇట్టి తిరుగుడు బరువులతో అణచు విద్యకు ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఇంగ్లండునందలి ఫ్రెడరిక్ లాంచెస్టరు గొప్ప దోహదము చేసెను. ఏక సిలిండరు ఇంజనులో క్రాంకుపై బరువు పిస్టను బలములో సగమునకు తూకము కట్టినచో, మిగిలిన సగము క్రాంకునకు ఎదురు దిశలో గుండ్రముగా తిరుగు బలముగా మారును; దానికి ఎదురు దిశలోనే తిరుగు కడ్డీపై బరువు నిలిపి చెల్లువేయవచ్చును. 2020లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డు మీటియర్ 350 ఇంజనులో ఇట్టి కడ్డీ కలదు. 2023లో బుల్లెట్టునకును ఆ తరగతి ఇంజనే అమర్చబడినది. పాత బుల్లెట్టు నెరిగిన చేతులు ఈ భేదమును ఒక్క ఫర్లాంగులో కనిపెట్టగలవు.

పాత బండి గలవారు దానిని అమ్మివేయవలెనా? అక్కరలేదు. స్వభావసిద్ధమైన అదురు వేరు. నిర్లక్ష్యమువలన దానిపై పేరుకొన్న అదురు వేరు. రెండవదానిని ఇంటివద్దనే చాలవరకు తొలగింపవచ్చును.

ముందు రోగ నిదానము. అదురు ఇంజనుదా, చక్రములదా? మూడవ గేరులో గంటకు 50 కిలోమీటర్ల వద్ద హ్యాండిలు అదరినదనుకొందము. జనసంచారము లేని తిన్నని దారిలో అదే వేగమున నాలుగవ గేరు వేసి చూడుడు. అదురు ఆ వేగముననే నిలిచియున్నచో తప్పు చక్రములది. అది మాయమై, మరింత వేగమున తిరిగి వచ్చినచో తప్పు ఇంజనుది లేక దాని బిగింపులది. ఏలయన రెండవమారు చక్రముల వేగము మారలేదు, ఇంజను వేగము మాత్రమే తగ్గినది.

చక్రముల తప్పయినచో టైరులలో గాలిని, రిమ్ము వంకరను, వదులైన ఊచలను, ఒకప్రక్క అరిగిన టైరును చూడవలెను. ముందు చక్రమును నేలనుండి లేపి, ఫోర్కు క్రింది కొసలను పట్టి ముందు వెనుకలకు లాగుడు. టక్కుమని కదలిక తెలిసినచో హ్యాండిలు మెడలోని బేరింగులు వదులైనవని గ్రహింపవలెను. ఇది తిమ్మిరికి మాత్రమే సంబంధించిన విషయము కాదు, ప్రాణమునకు సంబంధించినది.

ఇంజను తప్పయినచో, దానిని చట్రమునకు బిగించు బోల్టులన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. హెడ్డు వద్దనున్న పట్టీని మరువరాదు. సైలెన్సరు బిగింపులు, హ్యాండిలును ఫోర్కుపై పట్టియుంచు బిగింపులు, చైను వదులు, ఇగ్నిషను సమయము, కార్బురేటరు సర్దుబాటు వీనిలో ఏది చెడినను అదురు హెచ్చును. బోల్టును బలముకొలది బిగించుట నేర్పు కాదు. నిర్మాతల పుస్తకములో ప్రతి బోల్టునకు తగిన బిగువు తెలుపబడియుండును. దానిని మించినచో మర చెడును, లేదా బోల్టు తెగును. విరిగిన పట్టీని అతికించుటకన్న క్రొత్తది వేయుట మేలు.

పుట్టుచోటు చక్కబడిన పిమ్మట దారి సంగతి చూతము. తంబుర తీగకు తనదైన శ్రుతి యున్నట్లు, హ్యాండిలు గొట్టమునకును ఒక సహజమైన కంపనము కలదు. ఇంజను పరుగు ఆ శ్రుతితో కలిసిన క్షణమున గొట్టము తానును పాడనారంభించును. అందుచేతనే కొన్ని బండ్లు ఒక నియత వేగమున మాత్రమే చేతిని బాధించి, అది దాటగానే శాంతించును. మృదంగపు ఎడమ మూతికి రవ్వముద్ద అంటించినచో ఏమగును? బరువెక్కిన చర్మము శ్రుతి తగ్గి గంభీరముగా పలుకును. హ్యాండిలు కొసలకు ఇత్తడి లేక ఉక్కు బరువులు బిగించుట ఇట్టిదే. కొస బరువెక్కుటచే గొట్టపు శ్రుతి దిగును. కొస కదలికయు తగ్గును. శ్రుతి దిగి, మనము నిత్యము నడుపు వేగమునకు దూరమైనచో లాభము. అదృష్టము చాలక ఆ వేగము పైననే పడినచో నష్టము. కావున ఒక బరువు పెట్టి, నడిపి చూచి, మరల మార్చి చూచుకొనవలెను. ఈ బరువులు గట్టిగా బిగిసియుండవలెను. కుడిప్రక్క బరువు యాక్సిలరేటరు పిడిని ఏమాత్రము రాయరాదు. పిడిని త్రిప్పి విడిచినపుడు అది తనంతట తాను వెనుకకు రావలెను. ఈ పరీక్ష చేయక బండిని రోడ్డుపైకి తీసికొనిపోరాదు.

దారిలో రబ్బరు అడ్డుపెట్టుట మరియొక ఉపాయము. 1967లో ఇంగ్లండునందు ప్రదర్శింపబడిన నార్టన్ కమాండో బండిలో ఇంజనును, గేరుపెట్టెను, వెనుక చక్రపు చేతిని కలిపి ఒక ముద్దగా చేసి, ఆ ముద్దను రబ్బరు దిమ్మెల ద్వారమున చట్రమునకు తగిలించిరి. ఇంజను తన ఇచ్చవచ్చినట్లు ఊగును. నడుపువాని చేతికి మాత్రము ఆ ఊపు చేరదు. హ్యాండిలు బిగింపులలో రబ్బరు బుష్షులు వేయుటయు ఇట్టి ఆలోచనయే. అయితే మిక్కిలి మెత్తని రబ్బరు వేసినచో హ్యాండిలు చెప్పుచేతలలో నుండదు. పాత బుష్షులు ఎండి పగిలినచో మార్చవలెను. క్రొత్తవి కొనునపుడు ఆ బండికి విధింపబడినవానినే కొనవలెను.

తుదకు చేతి విషయము. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బెడ్‌ఫర్డు పరిసరములలో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కు పనివారి వ్రేళ్లను 1918లో డాక్టరు ఆలిస్ హామిల్టన్ పరీక్షించెను. చలివేళ ఆ వ్రేళ్లు తెల్లగా పాలిపోయి, స్పర్శజ్ఞానము కోల్పోవుచుండెను. చిరకాలము అదురు తగిలినచో చేతి నరములును, సన్నని రక్తనాళములును చెడునని వైద్యులు నేడు నిస్సంశయముగా చెప్పుచున్నారు. మోటారు సైకిలు అదురు గాలి సుత్తి అదురంత తీవ్రము కాదు. వారమునకొకమారు షికారు పోవువారు భయపడ నక్కరలేదు. కాని బండిపైననే బ్రదుకు వెళ్లబుచ్చు పాలవారు, ఇంటింటికి సరకులందించు యువకులు దినమునకు ఎన్ని గంటలు హ్యాండిలు పట్టుకొందురో యోచింపుడు.

శ్రామికుల చేతుల రక్షణకై ఐరోపా సమాఖ్య 2002లో ఒక ఆదేశము వెలువరించినది. 8 గంటల పనిదినమునకు లెక్కకట్టిన అదురు సెకనుకు సెకనుకు 2.5 మీటర్లు దాటినచో యజమాని నివారణోపాయములు చేపట్టవలెను. 5 మీటర్లు దాటనే రాదు. ఈ గణితములో ఒక మర్మము కలదు. అదురు రెట్టింపైనచో అదే హానికి నాలుగవ వంతు కాలమే చాలును. త్రిప్పి చెప్పినచో, అదురును సగమునకు తగ్గించినవాడు తన చేతికి నాలుగింతల కాలము సంపాదించి పెట్టినవాడగును. వదులు బోల్టు బిగించుట విలువ ఇప్పుడు తెలిసినదిగదా!

స్పాంజి తొడుగులు, మెత్తని చేతొడుగులు సన్నని, వడిగల కంపనములను కొంత మ్రింగును. అదురును ఆపుటకై ప్రత్యేకముగా చేసిన చేతొడుగులు సైతము సెకనుకు 150 కంపనములకు పైబడినవానిపైననే కొంత పనిచేయును. 3,000 చుట్ల వద్ద మన ఇంజను అదురు సెకనుకు 50 మాత్రమే! వానికి అది చిక్కదు. పైగా పిడి లావైన కొలది గట్టిగా పట్టవలసివచ్చును. గట్టిగా పట్టిన కొలది అదురు చేతిలోనికి సులువుగా ప్రవేశించును. చేతొడుగుల ముఖ్య ప్రయోజనము వ్రేళ్లను వెచ్చగా నుంచుట. పడినపుడు చర్మమును కాపాడుట. ఇవి చిన్న లాభములు కావు.

మోకాళ్లతో ట్యాంకును ఒత్తిపట్టి దేహభారమును తొడలపై నిలుపుడు, చేతులపై వాలకుడు. పిడిని అదుపు తప్పనంత బిగువుగా, అంతకు మించకుండ పట్టుడు. గంటకొకమారు బండి దిగి చేతులాడించుడు. పై గేరులో సుఖముగా పోవుచో క్రింది గేరులో ఇంజనును అరపింపకుడు. అట్లని ఇంజను ఆయాసపడి కుదుపులిచ్చునంత నెమ్మదిగా పై గేరులో ఈడ్వకుడు. బండి దిగిన గంటకును తిమ్మిరి తీరకున్నను, రాత్రులందు వచ్చుచున్నను, వ్రేళ్లు తెల్లబారుచున్నను వైద్యునికి చూపుడు. మధుమేహమువలనను, మణికట్టులో నరము నలుగుటవలనను తిమ్మిరి రావచ్చును. అన్నిటికిని బండినే నిందించుట పొరపాటు.

పాల వర్తకులు క్రొత్త పట్టీ వేయించిరి, బోల్టులన్నియు బిగింపించిరి, మెడలోని బేరింగులు మార్పించిరి. స్పాంజి తొడుగులను తీసివేసి, బండి మాట చేతికి తెలియవలెనని పూర్వపు పిడులనే వేసికొనిరి. బండి ఇప్పటికిని అదురుచునే యున్నది. అయితే అది దానికి పుట్టుకతో వచ్చిన అదురు. వారి చేతి తిమ్మిరి చాలవరకు తగ్గినది. కుడిచేతి చూపుడు వ్రేలి కొసకు మాత్రము పాల వేడి నేటికిని సరిగా తెలియుటలేదు. పాలు కాగినవో లేదో వారు ఎడమచేతితో చూచుకొందురు. ఆ మూడు నెలల ఆలస్యమునకు వారు చెల్లించుచున్న మూల్యమది. కావున శ్రోతలలో బండి గలవారు రేపు ప్రయాణమునకు బయలుదేరుటకు ముందు, ఒక పది నిమిషములు కేటాయించి, స్పానరు చేతబట్టి ఇంజను బోల్టులను ఒక్కమారు చూచుకొందురుగాక.