పేలని ఆయుధం విలువెంత?

హైదరాబాద్‌లోని మియాపూర్ చౌరస్తా నుంచి ముంబై హైవే మీద పడమటికి వెళ్తే బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు దాటాక ఓ పక్కన భానూరు వస్తుంది. ట్యాంకులను ఛేదించే క్షిపణులను భారత్ డైనమిక్స్ లిమిటెడ్ అక్కడ తయారు చేస్తుంది. ఇంకాస్త అవతల, ఎద్దుమైలారం కర్మాగారంలో సైనికులను మోసుకెళ్లే బీఎంపీ-2 సాయుధ శకటాలు తయారవుతాయి. అదే మియాపూర్ నుంచి నగరం వైపు తిరిగి కూకట్‌పల్లి, మూసాపేట మీదుగా వస్తే సనత్‌నగర్ పారిశ్రామికవాడ. 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ ప్రధాన కార్యాలయం అక్కడుంది. ఆ సంస్థ పేరు తెచ్చుకున్నది పేలని ఆయుధాలతో: రైఫిలు, ట్యాంకు ఫిరంగి, క్షిపణి లాంచరు ఎలా పనిచేస్తాయో అలాగే ప్రవర్తించే సిమ్యులేటర్లతో. 2021-22లో దాదాపు 70 కోట్ల రూపాయలున్న దాని ఆదాయం, డ్రోన్ నిరోధక వ్యవస్థల అమ్మకాలతో కలుపుకుని, 2024-25 నాటికి 900 కోట్లు దాటింది. పేలే ఆయుధానికి సైన్యాలు డబ్బు పోయడంలో వింత లేదు. పేలనిదానికి ఇంత డబ్బు ఎందుకు? ఆ ఖర్చు సబబేనా అని ఎలా తేల్చాలి? రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరుకుతుంది: శిక్షణలో ఒక తప్పుకు పడే ఖరీదు దగ్గర.

భానూరు క్షిపణినే లెక్కకు తీసుకుందాం. 2021 మార్చిలో రక్షణ శాఖ 4,960 మిలాన్-2టి క్షిపణుల కోసం భారత్ డైనమిక్స్‌తో 1,188 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకుంది. భాగిస్తే ఒక్కొక్కటి దాదాపు 24 లక్షలు. దీని పరిధి 1,850 మీటర్లు. మీట నొక్కగానే దానంతట అదే లక్ష్యాన్ని వెతుక్కునే రకం కాదిది. వెనక సన్నని తీగను వదులుకుంటూ పోతుంది. గన్నరు దూరదర్శినిలోని గీతల కూడలిని కదులుతున్న ట్యాంకు మీద నిలిపి ఉంచినంతసేపూ ఆ తీగ ద్వారా దిద్దుబాట్లు అందుతుంటాయి. పరిధి చివరనున్న లక్ష్యాన్ని చేరడానికి పది సెకన్లు దాటుతుంది. ఆ పది సెకన్లూ పొగ, చప్పుడు, శత్రువు కాల్పుల మధ్య చేయి వణక్కుండా ఉండాలి. ఇది పుస్తకం చదివి వచ్చే విద్య కాదు, వందసార్లు చేస్తేనే పట్టుబడే నేర్పు. ఒక్క గన్నరు వందసార్లు నిజం క్షిపణితో సాధన చేస్తే 24 కోట్లు బూడిదవుతాయి. ఏ సైన్యమూ అంత ఖర్చు భరించలేదు. కాబట్టి గన్నరుకు దక్కే అవకాశాలు రెండే: చాలీచాలని సాధనతో యుద్ధానికి వెళ్లడం, లేదా అదే దూరదర్శిని, అదే పొగ, అదే కదిలే లక్ష్యాన్ని కల్పించి ప్రతి సెకనుకూ చేయి ఎంత పక్కకు జరిగిందో రాసిపెట్టే యంత్రం మీద సాధన చేయడం.

ఈ తర్కం కొత్తది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో పియానోలు, ఆర్గాన్లు చేసే కుటుంబానికి చెందిన ఎడ్విన్ లింక్, ఆర్గాన్‌లో గాలి ఊదే తిత్తులనే వాడి 1929లో అటూఇటూ ఊగే విమానం బొమ్మ ఒకటి తయారు చేశాడు. మొదట్లో దాన్ని ఎక్కువగా వినోద పార్కులే కొన్నాయి. 1934లో అమెరికా సైన్యానికి విమానాల్లో టపా మోసే పని అప్పగించారు. మబ్బుల్లో, చీకట్లో కేవలం మీటర్లు చూసి విమానం నడపడం రాని పైలట్లు కొద్ది వారాల్లోనే వరసగా కూలి చనిపోయారు. ఆ తరవాతే సైన్యం లింక్ దగ్గర ఆరు యంత్రాలు కొంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసే నాటికి ఐదు లక్షల మందికి పైగా వైమానిక సిబ్బంది వాటి మీద నేర్చుకున్నారు. గమనించాల్సిందేమంటే, ఆ యంత్రంలో చూడటానికి ఆకాశమూ లేదు, నేలా లేదు. మూసిన డబ్బాలో కొన్ని మీటర్లు, ఒక కర్ర, ఊగే పీఠం, అంతే. అయినా పనిచేసింది. పైలట్ ప్రాణం తీస్తున్న ఆ ఒక్క లోపాన్నే అది సరిదిద్దింది మరి.

నేటి యంత్రాలు లోపల ఎలా పనిచేస్తాయో చూస్తే ఇదే సూత్రం ఇంకా స్పష్టమవుతుంది. రైఫిల్ సిమ్యులేటర్లో గుండు ఉండదు. గొట్టానికి అమర్చిన లేజరు తెర మీద చుక్క వేస్తుంది, కంటికి కనిపించని ఆ చుక్కను కెమెరా పట్టుకుంటుంది. కానీ చుక్క పడ్డచోటే గుండు తగిలిందనుకుంటే అబద్ధం నేర్పినట్టే. వెలుతురు తిన్నగా పోతుంది, గుండు వంగుతూ పోతుంది. 300 మీటర్లు దాటడానికి గుండుకు 0.4 సెకను పడితే, ఆలోగా భూమ్యాకర్షణ దాన్ని ముప్పావు మీటరుకు పైగా కిందికి లాగుతుంది. ఈ వంపునూ, గాలి తోపునూ, లక్ష్యం నడకనూ కంప్యూటరు లెక్కగట్టి ఫలితం చెప్పాలి. ట్యాంకు, విమానాల సిమ్యులేటర్లలో శరీరాన్నే మభ్యపెట్టాలి. గది దాటని యంత్రం, పెరుగుతూ పోయే వేగాన్ని ఎలా కల్పిస్తుంది? పీఠాన్ని మెల్లగా వెనక్కు వంచుతారు. ఆ వంపు మన లోపలి చెవి పసిగట్టలేనంత నిదానంగా జరిగితే, వీపును సీటుకు అదిమే భూమ్యాకర్షణనే మెదడు ముందుకు దూసుకుపోవడంగా భావిస్తుంది. కన్ను ఒకటి, చెవి మరొకటి చెబితే మాత్రం కడుపులో తిప్పుతుంది. శిక్షణ పొందేవారిలో కొందరికి వికారం రావడానికి కారణం ఇదే.

ఇక్కడే కొనుగోలుదారు మోసపోయే ప్రమాదం ఉంది. తెర ఎంత మిలమిలలాడితే యంత్రం అంత గొప్పదని అనిపిస్తుంది. ఆధారాలు అలా చెప్పడం లేదు. 1994లో డేనియల్ గోఫర్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనంలో ఇజ్రాయెల్ వైమానికదళ కేడెట్లు 'స్పేస్ ఫోర్ట్రెస్' అనే సాదాసీదా కంప్యూటర్ ఆటను పది గంటలపాటు సాధన చేశారు. కాక్‌పిట్ పోలిక ఏ కోశానా లేని గీతల బొమ్మ అది. అయినా ఆ తరవాత నిజం విమానంలో, ఆ ఆట ఆడని వారికంటే మెరుగ్గా రాణించారు. ఒకేసారి పలు పనుల మీద దృష్టిని పంచుకోవడం అనే అసలు నేర్పును ఆ ఆట పట్టుకోగలిగింది. 1971లో స్టాన్లీ రాస్కో ఇంకో కొలత చూపించాడు: సిమ్యులేటర్లో గడిపిన ఒక గంట, నిజం విమానంలో ఎన్ని నిమిషాలను ఆదా చేస్తోంది? మొదటి గంటలు చాలా ఆదా చేస్తాయి, పోనుపోను ప్రతి గంటకూ ఆదా తగ్గుతుంది, ఒక దశ దాటాక దాదాపు ఏమీ మిగలదు. అంటే సిమ్యులేటర్ విలువ అక్కడ నేర్చుకున్నదాంట్లో ఎంత భాగం మైదానం దాకా వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ భాగాన్ని కొలవచ్చు. కాబట్టి కొలిచి తీరాలి.

మన దేశంలో సిమ్యులేటర్లకు గిరాకీ ఇప్పుడే పెరగడానికి కారణాలు కొన్ని కలిసివచ్చాయి. 2021 సెప్టెంబరులో రక్షణ శాఖ, త్రివిధ దళాల్లోనూ తీరరక్షక దళంలోనూ సిమ్యులేటర్ల వాడకాన్ని పెంచే విధాన పత్రాన్ని ప్రకటించింది. వాటి రూపకల్పననూ తయారీనీ భారతీయ సంస్థలకు అప్పగించాలన్నది అందులో ఒక అంశం. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో జవాను సర్వీసు నాలుగేళ్లు, శిక్షణ కాలం కూడా ఆ నాలుగేళ్లలోదే. తక్కువ సమయంలో ఎక్కువ నేర్పాల్సిన అవసరం పడింది. ఊళ్లు పెరిగేకొద్దీ దూరం పోయే ఆయుధాలను కాల్చి చూసే ఖాళీ నేలలు కరువవుతున్నాయి. వీడియో ఆటల కోసం పుట్టిన గ్రాఫిక్స్ చిప్పులు, ఒకప్పుడు పెద్ద ప్రయోగశాలకే అందిన లెక్కల బలాన్ని మామూలు టేబుల్ మీదికి తెచ్చాయి. ఈ చివరి మార్పు మియాపూర్, మాదాపూర్ మధ్య రోజూ తిరిగే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల నగరానికి సహజంగానే కలిసొచ్చింది. క్షిపణులు రూపొందించే డీఆర్డీఓ ప్రయోగశాలలు, వాటిని తయారు చేసే కర్మాగారాలు, సికింద్రాబాద్‌లో సైన్యానికి సొంతంగా ఉన్న సిమ్యులేటర్ డెవలప్‌మెంట్ డివిజన్ ఇవన్నీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. ఆయుధం అసలు ప్రవర్తన తెలిసినవారూ, దాన్ని ప్రోగ్రాముగా రాయగలవారూ పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి కలుసుకోగల చోట్లు ఎక్కువ లేవు.

సిమ్యులేటర్ శిక్షణకు అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది పాతకాలపు సైనికుల మాట: ఇది ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడమే, భయం, అలసట, పక్కనున్నవాడి రక్తం ఏ తెరా చూపించలేదు. మాట నిజమే. అయితే దాని నుంచి తేలేది సిమ్యులేటర్ వద్దని కాదు, సిమ్యులేటర్ ఒక్కటే చాలదని. చేతి నేర్పు ముందే పట్టుబడినవాడికి మైదానంలో భయంతో పోరాడటానికి మనసు ఖాళీగా ఉంటుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా నౌకాదళం 1969లో టాప్ గన్ పాఠశాల పెట్టింది. నిజం విమానాలతోనే, శత్రువు పాత్రను తమ పైలట్లకే ఇచ్చి, ప్రతి కసరత్తు తరవాతా ఎవరు ఎక్కడ తప్పారో నిర్మొహమాటంగా విడమరిచారు. తాము కోల్పోయిన ఒక విమానానికి కూల్చిన శత్రు విమానాలు అంతకుముందు రెండుకు అటూఇటూ ఉండగా, 1972 పోరాటాల్లో పన్నెండు దాకా పెరిగాయి. మార్పు తెచ్చింది తెర కాదు, తప్పును నమోదు చేసి మొహం మీద చెప్పే పద్ధతి. మంచి సిమ్యులేటర్ చేయగలిగింది ఆ పద్ధతిని ప్రతి జవానుకూ, ప్రతిరోజూ అందించడం.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. తప్పుగా రాసిన సిమ్యులేటర్ తప్పునే గట్టిపరుస్తుంది. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు 2018లో ఒకటి, 2019లో ఒకటి కూలి 346 మంది చనిపోయాక, ఆ విమానపు సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ కొన్ని పరిస్థితులను సరిగా చూపించలేకపోయిందనీ, దాన్ని సరిచేశామనీ సంస్థే 2019 మేలో ఒప్పుకుంది. పౌర విమానాలకు కఠినమైన తనిఖీ వ్యవస్థ ఉండగానే ఇలా జరిగితే, గోప్యత ముసుగున్న సైనిక సామగ్రి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. దానికి తోడు ఈ వ్యాపారం ప్రభుత్వ ఆర్డర్ల మీద నడుస్తుంది. ఒక ఏడాది పెద్ద ఒప్పందం వస్తే ఆదాయం ఎగురుతుంది, రాకపోతే పడిపోతుంది. జెన్ సంస్థ ఆదాయం కూడా 2025-26 మొదటి త్రైమాసికంలో అంతకుముందు ఏడాది అదే కాలం కంటే తగ్గింది. కాబట్టి షేరు ధరనో ఆర్డర్ల చిట్టానో చూసి యంత్రం మంచిదని తేల్చకూడదు. మూడో అభ్యంతరం నైతికమైనది: యుద్ధాన్ని ఆటగా మార్చి మనిషిని మొద్దుబార్చడం కాదా? ఆ ప్రమాదం ఉంది. కానీ అదే తెర మీద చేతులెత్తిన శత్రువును, గుంపులో నడిచే పసిపాపను చూపించి ఎప్పుడు కాల్చకూడదో కూడా నేర్పవచ్చు. ఏ పాఠం పెడతామన్నది యంత్రం నిర్ణయించదు, పాఠ్యక్రమం రాసేవాళ్లు నిర్ణయిస్తారు.

అందుచేత ఈ సంత పెరగడం తప్పు కాదు, కొలత లేకుండా పెరిగితేనే తప్పు. సిమ్యులేటర్ కొనే ప్రతి ఒప్పందంలోనూ కనీసం మూడు షరతులుండాలి. ఆ యంత్రం మీద నేర్చినవాళ్లనూ, నేర్చుకోనివాళ్లనూ ఫైరింగ్ రేంజిలో పక్కపక్కన పరీక్షించి, తయారీదారుతో సంబంధం లేని బృందం తేడాను లెక్కకట్టాలి. యంత్రంలోని ఆయుధ ప్రవర్తన, నిజం ఆయుధం ప్రయోగాల లెక్కలతో సరిపోలుతోందని ఏటా ధ్రువీకరించాలి. డ్రోన్ల రాకతో యుద్ధ పద్ధతులు నెలల్లో మారుతున్నప్పుడు ఐదేళ్ల కిందటి పాఠం పనికిరాదు. సిమ్యులేటర్ వచ్చిందన్న సాకుతో నిజం మందుగుండు సాధనకు కేటాయింపులు, ఆ తేడా లెక్క తేలకముందే, కోయకూడదు. ఈ మూడూ అడిగే కొనుగోలుదారు ఉంటే హైదరాబాద్ పరిశ్రమ ప్రపంచంలో ఎవరితోనైనా పోటీపడగలదు. అడగకపోతే తళతళలాడే తెరలు కొని, 24 లక్షల క్షిపణిని తొలిసారిగా యుద్ధంలోనే పట్టుకునే గన్నర్లను తయారు చేస్తాం.